వంటగట్టు ఎత్తు

మా కాలేజీ ఫాతిమా మేడం ఫోన్ చేసినప్పుడు నా రెండు చేతులూ మిరపకాయల్లో ఉన్నాయి. చివరి కోత కాయ, అందులో తాలు ఎక్కువ. ఎర్రటి గుట్టలోంచి పాలిపోయిన తాలు కాయల్ని ఏరి పక్కన పడేస్తూ కల్లంలో పట్టా మీద కూర్చున్నాం మా అత్తయ్య దేవకుమారి, నేను, ఎదురుగా గురవమ్మ, ఆవిడతో కూలికి వచ్చిన ఆడవాళ్ళు. ఆ చేతులతో ఫోను ముట్టుకుంటే తర్వాత చెవీ చెంపా మండిపోతాయి. అందుకని ఇటుక మీద పెట్టిన ఫోనును మోచేతి కొసతో జరిపి, స్పీకరు గుర్తు మీద ఇంకో పోటు పొడిచాను. ఈ ఊళ్ళో అందరూ అంతే, మిరప రోజుల్లో ఎవరి ఫోనూ రహస్యం కాదు. "క్రిస్టీనా, వచ్చిందమ్మా," అంది మేడం గొంతు, కల్లమంతా వినబడేలా. "విశాఖ వాళ్ళు ఇప్పుడే చెప్పారు. ఆనర్స్ విత్ రీసెర్చ్‌లో నీకు సీటొచ్చింది. మెరిట్ స్కాలర్‌షిప్పు కూడా నీకే. ఫీజూ హాస్టలూ అంతా వాళ్ళదే. ఏడాదంతా క్యాంపస్‌లోనే ఉండాలి, అదొక్కటే షరతు. వస్తావో రావో రేపు సాయంత్రంలోగా చెప్పమంటున్నారు. వింటున్నావా?" వింటున్నానన్నాను. థాంక్యూ మేడం అన్నాను. అన్నది నేనేనని తెలుస్తూనే ఉంది, కానీ పక్కింట్లో ఎవరో అంటుంటే గోడకు ఇవతల నుంచి విన్నట్టుంది. ఫోను దానంతటదే నల్లబడింది. నా వేళ్ళు మళ్ళీ గుట్టలోకి వెళ్ళి ఒక తాలు కాయను పట్టుకున్నాయి.

సంతోషం రావాలి కదా, ఇప్పుడు వస్తుంది, ఇదిగో వస్తుంది అని ఎదురు చూశాను. రాలేదు. నిజానికి చిన్న చిన్న వాటికే పొంగిపోయే మనిషినని నాకు పుట్టింట్లో పేరు, పెళ్ళయ్యాక అది ఇంకా ముదిరింది. పెళ్ళికి వచ్చిన స్టీలు గిన్నెల మీద చుక్కలు చుక్కలుగా చెక్కిన మా ఇద్దరి పేర్లూ తోమిన ప్రతిసారీ చదువుకుంటాను, చదివాక గిన్నెను బోర్లించి మళ్ళీ తిప్పి ఇంకోసారి చదువుకుంటాను. నాలుగింటికి అత్తయ్య టీలో రస్కు ముంచి, అది విరిగి పడేలోపు నోట్లో పెట్టుకునే ఒడుపు చూస్తే నవ్వొస్తుంది, నాది రోజూ విరిగి పడుతుంది. సాయంత్రం మా ఆయన సాల్మన్ మార్టూరు నుంచి బండి మీద వచ్చి దిగుతాడు. గ్రానైటు పాలిషింగు యూనిట్లో పని, రాతి పొడి జుట్టు మీదా కనురెప్పల మీదా పేరుకుని ముసలివాడిలా ఉంటాడు. పంపు దగ్గర ముఖం కడుక్కుని తలెత్తేసరికి మళ్ళీ కుర్రాడైపోతాడు. ఆ ముసలితనం దిగిపోయి కొత్త ముఖం బయటపడే క్షణం కోసం నేను తువ్వాలు పట్టుకుని అక్కడే నిలబడతాను. పెళ్ళయి ఇన్ని వారాలైనా అది పాతబడలేదు. అంత చిన్నవాటికి అంత పొంగే నాకు ఇంత పెద్దదానికి ఏమీ కాలేదేమిటి. వేళ్ళ వైపు చూసుకున్నాను. ఎర్రగా ఉన్నాయి, మంట లేదు. మిరపకాయ ఇంతే. నేను ఈ కల్లంలో మొదటిసారి కూర్చున్న రోజు మధ్యాహ్నందాకా ఏమీ తెలియలేదు, నాకసలు మంటే లేదని గొప్పలు పోయాను కూడా. ఇంటికొచ్చి నీళ్ళు తగలగానే మోచేతుల దాకా పాకింది. ఆ రాత్రి చేతులు రెండూ గాలిలో పెట్టుకుని కూర్చుంటే సాల్మన్ అన్నం కలిపి నోట్లో పెట్టాడు. అత్తయ్య చూసీ చూడనట్టు అటు తిరిగింది.

"ఏంటంట దేవకుమారీ? మీ కోడలికి ఉద్యోగం వచ్చిందా?" అంది గురవమ్మ, ముక్కుకు కట్టుకున్న గుడ్డ కిందికి లాగి.

"ఉద్యోగం కాదు వదినా. చదువు."

"ఇంకానా? డిగ్రీ అయిపోవచ్చిందన్నారుగా పెళ్ళిలో."

"ఇప్పుడు కొత్త పద్ధతిలే. మూడేళ్ళకి ఆపుకోవచ్చు. నాలుగో ఏడు కూడా చదివితే దాని విలువ వేరు." అత్తయ్య చేతిలోని కాయను ఎండకు పట్టి చూసింది. "మన కాయ లేదూ. ఇవాళే యార్డుకి తోలి అమ్ముకోవచ్చు. లేదంటే ఏసీలో పెట్టి ఆగొచ్చు. అట్టాంటిదే ఇదీ."

అందరికీ ఒక్కసారిగా అర్థమైపోయింది. ఏసీ అంటే గుంటూరు చుట్టూ ఉన్న కోల్డ్ స్టోరేజీలు, ధర లేనప్పుడు కాయను అందులో దాచుకుంటారు. మేడం మాకు తరగతిలో నాలుగో ఏడు గురించి గంటసేపు చెప్పింది, బోర్డు మీద గీసి చూపించింది, అయినా సగం మందికి ఎక్కలేదు.

"అయితే కొత్త పెళ్ళికూతుర్ని ఏసీలో పెడతారన్నమాట," అంది గురవమ్మ. "మంచిదేలే. రంగు తగ్గదు."

"మరి మొగుడు సంగతో?" అని ఆవిడ పక్కనామె.

"వాడు నాన్ ఏసీ. ఎండలో ఆరతాడు."

అందరూ నవ్వారు, అత్తయ్య కూడా నవ్వింది, నేనూ నవ్వాను. నవ్వు గొంతులోంచి సరిగ్గానే వచ్చింది. ఎండలో ఆరే సాల్మన్‌ని ఊహించుకున్నాను, పట్టా మీద బోర్లా పడుకుని, నేను వచ్చి తిరగేసి వెళ్తున్నట్టు. ఇంకో రోజైతే ఈ మాట దాచుకుని సాయంత్రం అతనికి చెప్పి కడుపు పట్టుకునేదాన్ని. ఇవాళ కూడా దాచుకున్నాను. చెప్తానో లేదో తెలియదు.

ఏసీలో పెట్టడమొకటే కాదు, ఇంకా దారులున్నాయి. ఒంగోల్లో మా కాలేజీలోనే నాలుగో ఏడు చదవచ్చు, ఆనర్స్ అనే అంటారు దాన్నీ. పొద్దున్నే బస్సెక్కితే సాయంత్రానికి ఇంట్లో ఉంటాను, తువ్వాలు పట్టుకుని పంపు దగ్గర నిలబడతాను. కానీ అక్కడ రీసెర్చ్ లేదు, ఇంకొన్ని పేపర్లు చదివి రాయడమే. "ఇక్కడుంటే నీకు పాఠం చెప్పగలను. పని నేర్పలేను," అంది మేడం ఒకసారి, ల్యాబులో ఉన్న ఒకే ఒక్క మంచి మైక్రోస్కోపుకు గుడ్డ కప్పుతూ. ఆవిడ ఆ గుడ్డ కప్పే తీరు ఎందుకో నిద్రపోతున్న పిల్లకు దుప్పటి కప్పినట్టుంటుంది. కాదంటే మూడేళ్ళకే ఆపేసి బీఈడీ చేయొచ్చు, అది అత్తయ్య కోరిక. చర్చి పక్కన మిషను బడి ఉంది, అందులో కోడలు టీచరమ్మ కావాలి, నూలు చీర కట్టుకుని గొడుగేసుకుని వెళ్ళాలి. ఆవిడ ఆ గొడుగు సంగతి చాలాసార్లు చెప్పింది, నల్లది వద్దు, పువ్వులున్నది కొందాం అంది. ఆ గొడుగు నాకూ నచ్చింది. అబద్ధం ఎందుకు, ఆ బడీ నచ్చింది, ఆ పిల్లల గోల వినపడుతుంటే దాని పక్కన ఆగి నిలబడతాను. ఏ దారీ ముళ్ళ దారి కాదు, అదే కష్టం. ఒకటి చెడ్డదైతే రెండోదాని మీదికి పరిగెత్తి పోవచ్చు. మూడూ మంచివైనప్పుడు కాళ్ళు తిమ్మిరెక్కుతాయి కాబోలు. ఇటు కాలు నిజంగానే తిమ్మిరెక్కింది. మార్చి కూర్చున్నాను.

విశాఖ అంటే సముద్రం ఉంటుంది. నాకు తెలిసిన సముద్రం కొత్తపట్నంలోదే. పెళ్ళైన వారానికి సాల్మన్ తీసుకెళ్ళాడు. పడవలు ఒడ్డుకు లాగి ఉన్నాయి, వలలు ఆరేసి ఉన్నాయి, చేపలు వేయిస్తున్న బండి దగ్గర మేమిద్దరమే బేరం. నీళ్ళలో నిలబడితే అల వచ్చి అతని చెప్పొకటి లాక్కుపోయింది. వెనక్కి వస్తుందేమోనని కాసేపు చూశాం. రాలేదు. అప్పుడు అతను రెండో చెప్పు కూడా విప్పి గట్టిగా సముద్రంలోకి విసిరేశాడు. అదేంటండీ అంటే, "జత విడిపోవడం ఎందుకు, రెండూ ఒకచోట ఉంటాయి," అన్నాడు. ఉత్త కాళ్ళతో బండి నడుపుకుంటూ వచ్చాడు. బ్రేకు తొక్కినప్పుడల్లా అబ్బా అంటాడు, నేను వెనక కూర్చుని నవ్వుతాను. ఇప్పుడా మాట గుర్తొచ్చి చేయి ఆగింది. గుట్టలో చేయి ఆగితే అత్తయ్యకు తెలుస్తుంది, ఆవిడ తల ఎత్తకుండానే గమనిస్తుంది. మళ్ళీ ఏరడం మొదలుపెట్టాను.

అసలు నేను ఈ కల్లంలో కూర్చోవడానికి కారణం కూడా ఆ రీసెర్చే కదా. రెండో ఏడాదిలో మేడం మమ్మల్ని మిరప చేలోకి తీసుకెళ్ళింది. తెల్ల కాగితం పట్టుకుని దాని మీద పూవును వేలితో కొట్టమంది. కొడితే పూవులోంచి నల్లటి నలుసులు రాలి కాగితం మీద పరిగెత్తాయి. నల్ల తామర పురుగు. "చూడండి, మన జిల్లాల్ని ఏడిపించింది ఇదే," అంది మేడం. అంత చిన్నది. మిగతావాళ్ళు చూసి కాగితం దులిపేశారు. నేను దులపలేకపోయాను, ఒక్కో మొక్క దగ్గరా కొట్టుకుంటూ పోయాను. మార్టూరు వైపు రోడ్డు పక్క సాళ్ళలో, పాలిషింగు యూనిట్ల నుంచి ఎగిరొచ్చిన రాతి పొడి తెల్లగా కప్పిన మొక్కల మీద, పూలల్లో పురుగు తక్కువగా కనపడింది. ఎందుకని అడిగితే మేడం నా వైపు చూసి, "నాకు తెలీదు," అంది. టీచరు నోటి నుంచి ఆ మాట వినడం నాకు అదే మొదలు. ఆ రోజంతా నాకు గాల్లో నడిచినట్టుంది. పొడి పురుగును ఆపుతుందా, లేక మొక్కనే పాడు చేసి పూవును పురుక్కి పనికిరాకుండా చేస్తుందా. అది తెలుసుకోవాలంటే పొడి కావాలి. పొడి కోసం ఒక యూనిట్‌కి వెళ్ళాను. అక్కడ తెల్లటి కనురెప్పలతో ఒకతను వచ్చి ఏం కావాలండీ అన్నాడు. పొడి కావాలన్నాను. కొనడానికా అన్నాడు. కాదు, చూడటానికన్నాను. అతను నవ్వకుండా లోపలికి వెళ్ళి ఖాళీ స్వీటు డబ్బాలో పొడి పోసి, మూత పెట్టి, రబ్బరు బ్యాండు వేసి తెచ్చి ఇచ్చాడు. బస్సులో పక్క సీటామె, స్వీటేమో అనుకుని ఎవరి పెళ్ళమ్మా అంది. ఆ పొడి మూడుసార్లు అయిపోయింది. మూడోసారి అయిపోలేదు నిజానికి, అయిపోయిందని వెళ్ళాను.

పెళ్ళి రోజు చర్చిలో నేను తెల్ల చీర కట్టుకుని నిలబడితే దండలోని చామంతుల్లోంచి నలుసులు రాలి చీర మీద పరిగెత్తాయి. తెల్ల కాగితం మీద లాగే. పాస్టరుగారు ప్రార్థన చేస్తున్నారు, అందరూ కళ్ళు మూసుకున్నారు, నేను తప్ప. సాల్మన్ మోచేయి తాకి, చూడండి, పురుగు అన్నాను మెల్లగా. అతను ఒక కన్ను తెరిచి, చీర వైపు చూసి, చాలా పెద్ద విషయం విన్నవాడిలా తలూపి మళ్ళీ కన్ను మూసుకున్నాడు. అప్పుడే అనుకున్నాను, ఇతనితో బతకొచ్చు.

విశాఖకు అప్లికేషన్ పెట్టింది కూడా ఇద్దరం కలిసే. అద్దంకిలో నెట్ సెంటరుకు వెళ్ళి, నా ప్రశ్న గురించి మేడం రాయమన్నట్టు రాసి, అన్నీ పంపి బయటికొచ్చి చెరుకురసం తాగాం. "వస్తుందంటారా?" అన్నాను. "రాదులే. రాష్ట్రమంతా పెట్టి ఉంటారు," అన్నాడు. "నిజమే, రాదు," అన్నాను. ఆ రాదు అనే మాట ఇద్దరికీ ఎంత హాయిగా ఉందంటే, ఇంకో గ్లాసు చెప్పాం. రాదన్న ధైర్యంతోనే పెట్టాం. రాదనుకుంటూ పెట్టినదానికి ఎన్ని కలలైనా కనొచ్చు. హాస్టలు గదిలో నేను, ఆదివారం అతను వస్తే సముద్రం ఒడ్డున ఇద్దరం, అన్నీ కబుర్లు చెప్పుకున్నాం, సినిమా చూసొచ్చాక చెప్పుకున్నట్టు. ఇప్పుడు నిజంగా వచ్చి కూర్చుంది, మేడం గొంతుతో, ఇటుక మీద.

పెళ్ళైన కొత్తలోనే అతను టేపు తెచ్చి వంటింట్లో గోడకు నన్ను ఆనించి నిలబెట్టాడు. ఇప్పుడు మా ఇంట్లో స్టవ్వు నేల మీదే, నాపరాయి మీద ఉంటుంది, అత్తయ్య పీట మీద కూర్చుని వండుతుంది, నాకేమో అలా కూర్చుంటే మోకాళ్ళు పట్టేస్తాయి. నేను పొడుగు. "నీ ఎత్తుకు గట్టు కడతాను. గ్రానైటుది," అన్నాడు. మోచేయి మడవమని, దాని కిందికి టేపు పట్టి, గోడ మీద పెన్సిలుతో గీత గీశాడు. గీత గీయడానికి అంతసేపు పట్టదు. అత్తయ్య వచ్చి చూసి, "ఆ గట్టు మీద నేను పోపు వెయ్యాలంటే పీట ఎక్కాలిరా," అంది. అని నవ్వేసి వెళ్ళిపోయింది. ఆవిడ ఎత్తు నా భుజం దాకా. అప్పటి నుంచి రోజూ పొద్దున్నే వంటింట్లోకి రాగానే ఆ గీత చూస్తాను. గిన్నెల మీది పేర్ల కంటే అదే ఎక్కువ నచ్చుతుంది నాకు, పేర్లు అందరికీ ఒకే మాదిరిగా చెక్కుతారు, ఆ గీత మాత్రం నా అంత ఎత్తులోనే ఉంది. రేపు వాళ్ళ యూనిట్‌కి సెలవు. ఇవాళ రాయి తెస్తానన్నాడు, అంచు కొంచెం దెబ్బతిని పక్కన పెట్టిన పలక, వాళ్ళ ఓనరు తీసుకెళ్ళమన్నాడట. ఆ పలక ఇప్పుడు ఏ రోడ్డు మీదో ఉంటుంది, ట్రాలీ ఆటోలో ఊగుతూ, నా ఎత్తుకు కట్టబోయే గట్టు కోసం వస్తూ.

ఎప్పుడు చేయెత్తానో తెలియదు. కంట్లో ఏదో పడ్డట్టనిపించి తుడుచుకున్నాను. అదే చేత్తో. ఈ ఊళ్ళో పుట్టిన పిల్లలెవరూ చేయని తప్పు అది, చేసి తెలుసుకున్నవాళ్ళు రెండోసారి చేయరు. కన్ను భగ్గుమంది. చూపు మొత్తం ఎర్రటి నీళ్ళైపోయింది. "అయ్యో, ఏడుస్తంది చూడు పిల్ల," అంది గురవమ్మ. ఏడవడం లేదని చెబుదామనుకున్నాను, కానీ నీళ్ళు ధారగా కారుతుంటే ఎవరు నమ్ముతారు. అత్తయ్య లేచిన చప్పుడు, చెంబుతో నీళ్ళు ముఖం మీద కొట్టిన చల్లదనం. అప్పుడావిడ నా ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని జుట్టు ముడి విప్పుకుంది. ఇక్కడ మిరప చేతులవాళ్ళకు చీర కొంగు మీద కూడా నమ్మకం లేదు, దానికీ ఘాటు అంటుకునే ఉంటుంది, కంటికి జుట్టే వాడతారు. తన జుట్టు కొసలు గుప్పిట్లో కాకుండా మణికట్ల మధ్య పట్టుకుని నా కంటి మీద అద్దింది, మళ్ళీ అద్దింది. కొబ్బరినూనె వాసన. తెల్ల వెంట్రుకలే ఎక్కువ. అంత దగ్గరగా ఆవిడ ముఖాన్ని ఎప్పుడూ చూడలేదు, ఇప్పుడు కూడా ఒక్క కంటితోనే చూస్తున్నాను.

"మంట తగ్గిందాకా ఎవరికీ ఏ మాటా చెప్పమాకు. మంటలో ఏదంటే అది అంటాం," అంది, నాకు మాత్రమే వినపడేలా.

"మీరేమంటారు అత్తయ్యా?"

"నేనేమంటాను. నువ్వు పోతే నేను మళ్ళీ రేడియోతో మాట్లాడుకోవాలి." ఇంకోసారి అద్దింది. "అది కూడా ఈ మధ్య సరిగ్గా పలకటం లేదు."

ఆవిడ నవ్వలేదు, నేనూ నవ్వలేదు. రేడియో నిజంగానే పలకదు, దాని వెనక రబ్బరు బ్యాండు వేసి ఉంటుంది. మావయ్య కాయ తోలుకుని గుంటూరు యార్డుకు వెళ్తే రెండేసి రోజులు రాడు, సాల్మన్ పొద్దున వెళ్తే సాయంత్రమే. నేను వచ్చిన మొదటి వారంలో ఆవిడ వండుతూ ఎవరితోనో మాట్లాడుతుంటే ఎవరా అని వెళ్ళి చూశాను. రేడియోలో వ్యవసాయం కార్యక్రమం వస్తోంది, వాళ్ళు చెప్పినదానికి ఈవిడ, "అదంతా మీ పొలాల్లో చెల్లుద్దిలే," అంటోంది.

కాసేపు అటు తిరిగిరా, గాలి తగులుతుంది అని ఆవిడే లేపింది. కల్లం అంచు దాకా నడిచాను. గట్టు పక్కన, ఎప్పుడో రాలిన గింజల నుంచి వాటంతటవే మొలిచిన మిరప మొక్కలు, ఎవరూ నీళ్ళు పోయకపోయినా బతికి, ఇంకా ఒకటీ అరా పూస్తున్నాయి. ఏమీ ఆలోచించలేదు, ఆ మాట గట్టిగా చెప్పగలను. ఆలోచించే చోటంతా దూది కూరినట్టుంది. నేనలా నిలబడి ఉంటే నా చేయే చున్నీ కొసను ఎడమ అరచేతి మీద పరిచింది, అది తెల్ల చున్నీ. వంగి ఒక పూవును దాని మీదికి వంచి వేలితో కొట్టింది. నల్లటి నలుసులు. ఇంకో మొక్క దగ్గరికి జరిగింది. అక్కడా ఉన్నాయి. మూడోది రోడ్డు వైపుంది, ట్రాక్టర్లు పోయే దారి, ఆకుల మీద దుమ్ము. ఇది మట్టి దుమ్ము, రాతి పొడి కాదు. కొట్టాను. ఉన్నాయి, బాగానే ఉన్నాయి. అంటే ఏ దుమ్మైనా ఆపదు. అంటే ఆ రాతిలో ఏదో ఉంది, లేదా ఆ పొడి నలకల ఆకారంలో ఉంది, లేదా ఆ తెలుపులో ఉంది. తెలుపైతే సున్నం చల్లినా ఆగాలి. ఒక పక్క సున్నం, ఒక పక్క రాతి పొడి, ఒక పక్క ఏమీ చల్లకుండా, మూడూ ఒకే నేలలో పెడితే. మొక్క ఆకు ఎంత ఊపిరి పీలుస్తుందో కొలిచే మిషను విశాఖ వాళ్ళ దగ్గర ఉందని మేడం చెప్పింది. "ఓయ్ పిల్లా," అని గురవమ్మ కేక. "పెళ్ళైనా పురుగుల పిచ్చి వదల్లేదా?" వెనక్కి తిరిగి చూశాను. అత్తయ్య ఏరడం ఆపి నా వైపే చూస్తోంది, జుట్టు ఇంకా ముడి వేసుకోలేదు. చున్నీ దులపడం మర్చిపోయి అలాగే పట్టుకుని నిలబడ్డాను.

ట్రాలీ ఆటో అప్పుడే మలుపు తిరిగింది. వెనక సాల్మన్ నిలబడి ఉన్నాడు, గోనెలు చుట్టిన పలకను రెండు చేతులతో కావలించుకుని, అది పడితే తనూ పడేటట్టు. ఆగీ ఆగకముందే గురవమ్మ అందుకుంది. "ఏరా సాల్మనూ, మీ ఆవిడ్ని ఏసీలో పెడుతున్నారంట." అతనికి అర్థం కాలేదు, అత్తయ్య వైపు చూశాడు, నా ఎర్రటి కన్ను చూశాడు, చున్నీ చూశాడు. చున్నీ మీద నలుసులు చూడగానే విశాఖ సంగతని అర్థమైంది.

"వచ్చిందా?"

"వచ్చింది."

"రాదనుకున్నాం కదా."

"అనుకున్నాం."

తెల్లటి కనురెప్పలు రెండుసార్లు ఆర్పాడు. పలక మీద గోనె కొంచెం తొలిగింది, అక్కడ అరచేత్తో తుడిచాడు, వాళ్ళ పనివాళ్ళందరికీ ఉండే అలవాటు, దుమ్ము కనపడితే తుడవకుండా ఉండలేరు. నల్లటి రాయి మెరిసింది. దాన్నే చూస్తూ, "అక్కడ పొడి దొరకదు కదా నీకు," అన్నాడు.

"దొరకదు."

"స్వీటు డబ్బా సరిపోదు. సంచి కావాలి."

"నెలకొకటి కావాలి."

"తెస్తాలే," అన్నాడు. గోనెను పలక మీదికి లాగుతూ మళ్ళీ అన్నాడు, "రైలుంది కదా."

"ముందు ఆ రాయి దించండి," అంది అత్తయ్య. "కబుర్లు తర్వాత."

నలుగురు పట్టి, కల్లం పక్కనే ఉన్న మా ఇంట్లోకి మోసుకొచ్చి వంటింటి గోడకు ఆనించారు. లోపలికి వచ్చే ముందు నేను పంపు దగ్గర చేతులు కడుక్కున్నాను. సబ్బు రుద్దాను, నీళ్ళు పోసుకున్నాను, అప్పుడు మొదలైంది. వేళ్ళ చివర్ల నుంచి, గోళ్ళ సందుల్లోంచి, ఒక్కొక్కటిగా వెలిగించినట్టు. మణికట్టు దాటి మోచేయి దాకా వచ్చింది. ఇందాకటి నుంచి ఎక్కడుందో, అంతా ఒక్కసారే వచ్చింది. పళ్ళు బిగపట్టుకుని నిలబడ్డాను. ఎందుకో తెలియదు, నవ్వొచ్చింది కూడా, ఇందాక పట్టా మీద ఆరబెట్టిన సాల్మన్ గుర్తొచ్చి. అతనికి చెప్పాలి ఆ మాట, ఇవాళే చెప్పాలి.

వంటింట్లో అతను అప్పటికే టేపు పట్టుకుని గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. గీత మీద వేలు పెట్టాడు. "రేపు పొద్దున్నే మొదలెడితే మధ్యాహ్నానికి అయిపోద్ది. ఇదే కదా గీత?" అన్నాడు. నా వైపు తిరగలేదు.

"అది కాదు," అన్నాను. "అత్తయ్యా, ఇలా వచ్చి గోడకు నిలబడండి."

"నాకెందుకే?"

"నిలబడండి."

వచ్చి నిలబడింది. ముడి ఇప్పుడు వేసుకుంది, వదులుగా. మోచేయి మడవమన్నాను, మడిచింది. నా చేతి ఘాటు ఆవిడకు తగలకుండా పెన్సిలు కొసతోనే మోచేయి కింద చోటు చూసి గీత గీశాను. నా గీతకు జానెడు కిందికి వచ్చింది. సాల్మన్ రెండు గీతల్నీ చూశాడు, పైదాని నుంచి కిందిదాని దాకా టేపు పట్టి, వదిలేశాడు. టేపు చప్పుడు చేస్తూ లోపలికి పోయింది.

"మరి నువ్వొచ్చినప్పుడు?" అన్నాడు.

"వంగుతాను."

అత్తయ్య గోడ దగ్గర నుంచి కదలలేదు. మోచేయి ఇంకా మడిచే ఉంది, ఎదురుగా గట్టు అప్పుడే ఉన్నట్టు.

"రేపు పొద్దున్నే చేతులు శుభ్రంగా కడుక్కుని మేడంకి ఫోన్ చేస్తాను, వస్తున్నానని," అన్నాను. "స్పీకరు లేకుండా, చెవి దగ్గర పెట్టుకుని. అది అయ్యాక సిమెంటు నేనే కలుపుతాను."